కాన్పు చుట్టూ అపోహలు – వాస్తవాలు: సర్కారు ఇచ్చేది ఎంత, ఇల్లు చేయాల్సింది ఎంత

ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సుగా మొదలుపెట్టి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా తెలంగాణ పల్లెల్లో సబ్‌సెంటర్లు (ఆరోగ్య ఉపకేంద్రాలు) తిరుగుతున్నదాన్ని. గర్భిణుల విషయంలో అపోహలు అనగానే మాట బొప్పాయి, కుంకుమపువ్వు, గ్రహణం దగ్గరే ఆగిపోతుంది. వాటి మీద కావలసినన్ని వీడియోలు ఉన్నాయి. ప్రభుత్వం ఏం ఇస్తుంది, ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి అన్న దాంట్లో కూడా బోలెడు అపోహలున్నాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఇవే.

అపోహ: "ఇప్పుడందరూ దవాఖానలోనే కంటున్నరు గదా, ఇంక భయమెందుకు?"

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ప్రతి లక్ష జననాలకు చనిపోయే తల్లుల సంఖ్య 2018-20 లెక్కల్లో దేశం మొత్తానికి 97 ఉంటే, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. పెద్ద మార్పే. అయితే అదే లెక్కలో కేరళ 19 దగ్గర ఉంది. ఆపగలిగిన మరణాలు మన దగ్గర ఇంకా ఉన్నాయన్నమాట.

తల్లి చనిపోయిన ఇంటికి వెళ్ళి, ఏ గంటకు ఏం జరిగిందో అడిగి రాసుకోవడం మా డ్యూటీలో భాగం. ఆ వివరాలు జిల్లా సమీక్షకు వెళ్తాయి. అందులో మూడు ఆలస్యాలు వెతుకుతాం. బయల్దేరాలని నిర్ణయించుకోవడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. రెండోదానికి 108, 102 బండ్లు ఉన్నాయి. మూడోదానికి డాక్టర్లు, బ్లడ్ బ్యాంకులు కావాలి. అక్కడ లోటు ఉంటే ప్రభుత్వాన్ని అడగాల్సిందే, అడుగుతున్నాం కూడా. మొదటి ఆలస్యానికి మాత్రం ఏ పథకమూ సరిపోదు. అది ఇంట్లో జరుగుతుంది.

తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం ఉబ్బడం మొదలై, ఆపైన ఫిట్స్ వస్తే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అది గాలి కాదు, బీపీ. 140/90కి చేరినా గర్భిణికి ప్రమాద సూచనే. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఆ ఫిట్స్‌ను ఆపుతుంది, కానీ ఇంజెక్షన్ ఉన్న చోటికి మనిషి రావాలి. ఇంకో మాట. కాన్పు అయిపోయింది కదా అని బీపీ వెళ్ళిపోదు. ఇంటికి వెళ్ళాక కూడా ఫిట్స్ రావచ్చు. అందుకే మామూలు కాన్పయినా 48 గంటలు ఉండమంటాం. "ఇంట్లో చేసేవాళ్ళు లేరు" అని సంతకం పెట్టి మరుసటి రోజే తీసుకెళ్ళిపోతారు.

అపోహ: "నేను ఆరుగురిని ఇంట్లోనే కన్న, నాకేమైంది?"

ఏమీ కాలేదు కాబట్టే ఈ మాట చెప్పగలుగుతున్నావు అత్తమ్మా. ప్రాణం మీదికి వచ్చి పోయినవాళ్ళు చెప్పడానికి లేరు.

అపోహ: "పుట్టింటికి పంపితే మా బాధ్యత తీరింది."

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. పథకాలు రాసేవాళ్ళకూ ఇది సరిగా తెలియదని నా అనుమానం.

మనలో మొదటి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో శ్రీమంతం చేసి పంపిస్తారు. ఈ ఆచారం నాకిష్టమే. అమ్మ దగ్గర అడిగి తినొచ్చు, పగలు పడుకోవచ్చు. అత్తగారింట్లో నోరు తెరిచి చెప్పలేని నొప్పి అమ్మకు చెప్పొచ్చు. కానీ మా రికార్డులన్నీ ఆడమనిషికి ఒకే చిరునామా ఉంటుందన్నట్టు తయారయ్యాయి. పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్ళో. అక్కడి ఏఎన్‌ఎంకు ఆమె రక్తం ఎంత, బీపీ ఎంత, మొదటి స్కానింగ్‌లో ఏముందో తెలుసు. సరిగ్గా బీపీ పెరిగే, బిడ్డ ఎదుగుదల చూడాల్సిన నెలల్లో ఆమె వేరే మండలానికో, వేరే రాష్ట్రానికో వెళ్ళిపోతుంది. ఈ ఊళ్ళో "పుట్టింటికి వెళ్ళింది" అని రాస్తారు. ఆ ఊళ్ళో ఆమె వచ్చిన సంగతే ఎవరికీ తెలియదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్త పరీక్షల కాగితాలు చీరల కంటే ముందు సంచిలో పెట్టండి. కార్డు మీద ఉన్న ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ రికార్డుల్లో గర్భిణి నమోదు నంబరు) ఆమెతోపాటు వెళ్తుంది, మళ్ళీ కొత్తగా నమోదు చేయించుకోకండి. చేరిన వారంలోపే పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి. ఇక్కడి ఆశా నంబరు అక్కడి ఆశాకు ఇవ్వండి.

దీంట్లో ఇంకో చిక్కుంది, దాన్ని పైకి ఎవరూ అనరు. కాన్పు ఖర్చు పుట్టింటివాళ్ళది, నిర్ణయం అత్తింటివాళ్ళది. అర్ధరాత్రి డాక్టరు "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నప్పుడు అమ్మాయి తండ్రి ముందు ఫోన్ అందుకుంటాడు. "అల్లుడుగారిని ఒకమాట అడగాలి." అల్లుడు వాళ్ళ నాన్నను అడుగుతాడు. ఆపరేషన్ అంటే ఏమనుకుంటారో, ఏ ఆసుపత్రి అంటే ఏమంటారో అన్న మొహమాటం. రక్తస్రావం మొహమాటం కోసం ఆగదు. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోకపోతే గంటా రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. కాబట్టి శ్రీమంతం రోజే, రెండు కుటుంబాలూ ఒకచోట ఉన్నప్పుడే, ఒక మాట అనుకోండి: అత్యవసరం వస్తే అక్కడున్నవాళ్ళే సంతకం పెడతారు, తర్వాత ఎవరూ నిష్ఠూరమాడరు. గాజులు తొడిగించడానికి వచ్చిన పెద్దల ముందే అనుకుంటే ఇంకా మంచిది.

అపోహ: "రక్తం గోళీలు మింగితే పిల్ల నల్లగా పుడుతుంది, లావై కాన్పు కష్టమవుతుంది."

నల్లగా మారేది విరేచనం. పిల్ల రంగుతో ఆ గోళీకి సంబంధం లేదు.

రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. తెలంగాణలో 53.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం అని అదే సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువుంటే తీవ్రం. కాన్పులో పోయే రక్తం అందరికీ ఉంటుంది. 11 ఉన్న మనిషి తట్టుకునే నష్టాన్ని 6 ఉన్న మనిషి తట్టుకోలేదు. ఐరన్-ఫోలిక్ యాసిడ్ గోళీలు గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. రెండో సగం ఎవరూ వేసుకోరు, నా అనుభవంలో ఇంట్లో ఎవరూ గుర్తు కూడా చేయరు. తిన్న తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీతో వద్దు, కాల్షియం గోళీతో కలిపి వద్దు. రెండింటికీ గంటా రెండు గంటల తేడా ఉండాలి.

గోళీ ఒక్కటే చాలదు, తిండి కావాలి. ఇక్కడే ఇంకో అపోహ వస్తుంది.

అపోహ: "అంగన్‌వాడీకి పోయి తినుడేంది, మా ఇంట్ల తిండికి లేదా?"

2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టడం మొదలుపెట్టారు. బియ్యం, పప్పు ఇంటికే ఇచ్చేస్తే పోయేది కదా అని చాలామంది అడుగుతారు. ఇంటికి ఇచ్చిన గుడ్లు ఎవరి కంచంలోకి వెళ్తాయో అందరికీ తెలిసిన విషయమే. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, చివర మిగిలితే కోడలు. కోవిడ్ రోజుల్లో సరుకులు ఇంటికి పంపాల్సి వచ్చినప్పుడు టీచర్లు ఇదే చెప్పేవారు. ఆమె అంగన్‌వాడీకి వచ్చేది ఇంట్లో తిండి లేక కాదు. ఆ పూట ఆమె ఒక్కదాని కోసమే వండిన అన్నం తినడానికి వస్తోంది. అత్తగారూ, పరువు అడ్డం వస్తే మీరూ వెంట వెళ్ళండి, కాసేపు కూర్చొని మాట్లాడి రండి.

అపోహ: "నొప్పులు పడే కంటే ఆపరేషనే సేఫ్. పైగా ముహూర్తం కుదురుతుంది."

అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4. దేశ సగటు 21.5. ప్రైవేటు వాళ్ళ డబ్బాశ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మరి తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ 44.5 శాతం ఎందుకుంది? డబ్బు ఒక కారణం. భయం అంతకంటే పెద్దది. నొప్పులు మొదలైన గంటకే "మా పిల్ల తట్టుకోలేదు, కోసెయ్యండి" అని వార్డు ముందు గొడవ చేసేది ఇంటివాళ్ళే. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్న లెక్క ఒకటి, దాంతో సంఖ్య దానంతటదే పెరుగుతూ పోతుంది. మొదటిది సిజేరియన్ అయినా, తగిన పరిశీలనలో రెండోది మామూలుగా అయ్యేవాళ్ళు ఉన్నారు. డాక్టరును అడగండి.

అవసరమైన చోట సిజేరియన్ ప్రాణం నిలుపుతుంది, దాన్ని నేనెప్పుడూ కాదనను. అవసరం లేని చోట అది పెద్ద ఆపరేషన్. రక్తం ఎక్కువ పోతుంది, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ముహూర్తం కోసం 39 వారాల కంటే ముందే తీస్తే బిడ్డ ఊపిరికి కష్టపడి నవజాత శిశు వార్డులో పడుకోవాల్సి రావచ్చు. పంతులుగారిని అడిగేముందు వారాలు లెక్కపెట్టుకోండి.

దీనికి రాష్ట్రం చేసిన పనుల్లో నాకు నచ్చింది మిడ్‌వైఫ్‌లు. నర్సులకే 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టడం తెలంగాణలో 2017 తర్వాత మొదలైంది. వాళ్ళు నడిపిస్తారు, కూర్చోబెడతారు, ఊపిరి తీయడం నేర్పిస్తారు, పక్కన ఉంటారు. ఈ పక్కన ఉండడమే సగం మందు. కాన్పు గదిలో ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న బంధువు ఉంటే మంచిది. చాటు ఉన్న చోట భర్త కూడా ఉండొచ్చు. చాలా కుటుంబాలు అడగనే అడగవు.

అపోహ: "మగవాళ్ళకు ప్రసూతి వార్డులో ఏం పని?"

చాలా పనుంది. రక్తం ఇచ్చే ఇద్దరిని ముందే చూసిపెట్టడం, ఫోన్ చార్జింగ్‌తో అందుబాటులో ఉండడం, పెద్ద పిల్లలను చూసుకోవడం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటులో దీనికి చట్టం లేదు, ఉండాలి.

అపోహ: "పథకాల డబ్బు కోసమే కంటున్నారు."

ఈ మాట అనేవాళ్ళు మొత్తాలు చూడలేదు. జననీ సురక్ష యోజనలో మన రాష్ట్రాల్లో పల్లెటూరి తల్లికి వచ్చేది 700 రూపాయలు. ప్రధానమంత్రి మాతృ వందనలో మొదటి కాన్పుకు 5,000, రెండోసారి ఆడపిల్ల పుడితే 6,000. 2017లో తెలంగాణ కేసీఆర్ కిట్‌తోపాటు మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టింది. కనే పిల్లల సంఖ్య దానివల్ల పెరగలేదు. జనం ప్రభుత్వ ఆసుపత్రులవైపు తిరిగారు, అంతే. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పులు 2015-16లో దాదాపు 30 శాతం, 2019-21 నాటికి దాదాపు 50 శాతం.

ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లూ మొత్తాలూ మారుతుంటాయి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష హామీ మాత్రం అలాగే ఉంది: ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానూపోనూ బండి అన్నీ ఉచితం. ఎవరైనా చేయి చాపితే ఈ పేరు చెప్పి అడగండి. నగదు రావాలంటే మాత్రం ఖాతా ఆమె పేరు మీదే ఉండాలి, ఆధార్‌కు ఆ ఖాతానే ముడిపడి ఉండాలి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉండి డబ్బు ఆగిపోయిన కేసులు మా దగ్గర బోలెడు. మూడో నెలలోనే సరిచేయించుకోండి.

ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు ఇంకో సంగతి. జీతంతో 26 వారాల సెలవు సర్కారు ఉద్యోగాలకే అనుకుంటారు. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రైవేటు దుకాణానికి, ఆఫీసుకూ అది వర్తిస్తుంది. ముందటి ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. మూడో బిడ్డ నుంచి 12 వారాలు.

అపోహ: "బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది, పిల్లకు జలుబు చేస్తుంది."

చెవుల్లో దూది పెట్టుకోండి, సాంబ్రాణి దూరంగా వేసుకోండి, వాటితో నాకు పేచీ లేదు. వెల్లుల్లి కారం, శొంఠి కూడా మంచిదే. కానీ నీళ్ళు ఆపకండి. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. నీళ్ళు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట. సిజేరియన్ అయి మంచంలోనే ఉండిపోయిన మనిషికి నీళ్ళు కూడా తగ్గితే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు అన్నీ పెట్టండి.

అపోహ: "పచ్చి బాలింత, ఏడుపు మామూలే. టెన్షన్ పడొద్దు, అదే పోతుంది."

మొదటి కొద్ది రోజుల ఏడుపు చాలామందికి అదే పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోయినా, బిడ్డ వైపు చూడాలని లేకపోయినా అది జబ్బు, మందు ఉన్న జబ్బు. "ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోంది" అని మీరే కారణం కల్పించకండి. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె నోట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది. బిడ్డ బరువు చూశాక తల్లితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడాలంటే, అత్తగారైనా భర్తయినా కాస్త బయట కూర్చోండి.