కార్తీక పౌర్ణమికి దారి మార్చుకునే నది

మనం కార్తీక పౌర్ణమికి అరటి దొప్పల్లో దీపాలు వదిలే రోజుల్లోనే కంబోడియా రాజధాని నాంఫెన్‌లోనూ నది మీద దీపాల పడవలు తిరుగుతుంటాయి. వాళ్ల పంచాంగంలో ఆ నెల పేరు కూడా మన కార్తీకం నుంచి వచ్చిందే. చంద్రుడికి దండం పెట్టుకుని, కొత్త వడ్లు వేయించి దంచిన అటుకుల్ని అరటిపండుతో, కొబ్బరినీళ్లతో తింటారు. మూడు రోజులు పడవ పందేలు. ముక్కు మీద కళ్లు గీసిన పొడవాటి పడవల్ని ఏడాదంతా ఊరి బౌద్ధ మఠంలో దాచి, అప్పుడు తీసుకొస్తారు. ఇదే బోన్ ఓం టూక్ పండగ.

పండగకు అసలు కారణం నీళ్లే. వానాకాలంలో మెకాంగ్ నది ఎంత పొంగుతుందంటే, దాంట్లో కలవాల్సిన టోన్లే సాప్ నది ఎదురు తిరిగి, పైనున్న పెద్ద సరస్సులోకి పారుతుంది. సరస్సు నాలుగైదు రెట్లు విస్తరించి చుట్టూ ఉన్న అడవిని ముంచేస్తుంది, ఆ మునిగిన చెట్ల మధ్యే చేపలు పెరుగుతాయి. పౌర్ణమి వచ్చేసరికి మెకాంగ్ తగ్గి, ఆ నీళ్లు చేపలతో సహా కిందికి మళ్లుతాయి. తర్వాత పడే చిన్న చేపల్ని ఉప్పులో ఊరబెట్టి ఏడాదికి సరిపడా ప్రహోక్ పెట్టుకుంటారు. అంటే అక్కడ నది దారి తప్పితే ఇంట్లో కూర తప్పుతుంది.

మెకాంగ్ మాత్రం ఆరు దేశాలది. చైనాలో పుట్టి మయన్మార్, లావోస్, థాయిలాండ్, కంబోడియా మీదుగా వియత్నాంలో సముద్రంలో కలుస్తుంది. దిగువ దేశాలు నాలుగూ 1957లోనే ఐక్యరాజ్యసమితి సాయంతో మెకాంగ్ కమిటీ పెట్టుకున్నాయి. చుట్టూ యుద్ధాలు నడుస్తున్నా కలిసి కూర్చోవడం చిన్న విషయం కాదు. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి వచ్చాక కంబోడియా తప్పుకుంది. మళ్లీ నలుగురూ కలిసి 1995 ఏప్రిల్ 5న థాయిలాండ్‌లోని చియాంగ్ రాయ్‌లో సంతకాలు చేస్తే మెకాంగ్ నదీ కమిషన్ ఏర్పడింది.

కానీ చైనా, మయన్మార్ అందులో సభ్యులు కావు, సంప్రదింపులకే పరిమితం. చైనా ఎగువన వరసగా డ్యాములు కట్టుకుంటూ పోయింది. సభ్య దేశాల మధ్య కూడా, ప్రధాన నది మీద డ్యామ్ కట్టే ముందు మిగతావాళ్లతో మాట్లాడాలే తప్ప, వాళ్లు వద్దంటే ఆగాలని ఒప్పందంలో లేదు. సయాబురి డ్యామ్ మీద ఏకాభిప్రాయం కుదరకపోయినా లావోస్ కట్టేసింది, 2019లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. నా దృష్టిలో ఒప్పందంలో అతి పెద్ద లోపం ఇదే.

2015లో నీళ్లు తక్కువగా ఉన్నాయని పడవ పండగే రద్దు చేశారు. డ్యాములతో పాటు వానలు లేకపోవడం కూడా నదిని ఎండగడుతోంది కాబట్టి నింద మొత్తం ఒక్కరి మీదే వేయలేం, కానీ పైన ఎన్ని నీళ్లు ఆపారో, ఎప్పుడు వదులుతారో కింద ఉన్నవాళ్లకు తెలియాలి కదా. వరద రోజుల్లో మాత్రమే నీటిమట్టం లెక్కలు ఇచ్చే చైనా, ఏడాది పొడవునా ఇస్తానని 2020లో ఒప్పుకుంది. అదే ఏడాది కంబోడియా తన వంతుగా, ప్రధాన నది మీద పదేళ్లపాటు కొత్త డ్యాములు కట్టబోమని చెప్పింది. ఆ గడువు 2030లో ముగుస్తుంది.