తుపాకి హక్కు, పేటలో తూటా: కొన్ని అపోహలు

షికాగోలో క్రిమినల్ కేసులు వాదిస్తాను. ఎక్కడైనా కాల్పులు జరిగాయంటే ఆ వారం తెలుగువాళ్ల భోజనాల దగ్గర నాకు ముద్ద దిగదు. "వీళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు, ఇక ఎవరేం చేస్తారండీ" అని ఒకరు, "ఒక్క సంతకంతో నిషేధిస్తే పోయేదానికి" అని ఇంకొకరు. రెండూ తప్పే.

అపోహ: ఆయుధాలు ఉంచుకునే హక్కు చెప్పే రెండవ సవరణ అమెరికా రాజ్యాంగంలో ఉంది కాబట్టి తుపాకుల మీద ఏ ఆంక్షా నిలవదు.

వాస్తవం: 1791 నాటి ఆ సవరణ మొత్తం 27 మాటలు. అది వ్యక్తికి దఖలుపడిన హక్కు అని సుప్రీంకోర్టు తేల్చింది 2008లో, హెల్లర్ కేసులో, అదీ 5-4తో. నేరస్తుల చేతికి తుపాకి వెళ్లకుండా, బడుల్లోకి రాకుండా ఆపే పాత చట్టాల జోలికి పోవడం లేదని ఆ తీర్పే చెప్పింది. 2022 నాటి బ్రూయెన్ తీర్పుతో, ఆంక్ష నిలవాలంటే దానికి చరిత్రలో పోలిక చూపించాల్సి వస్తోంది. అప్పటి నుంచి మా లాయర్లందరం అరకొర చరిత్రకారులమయ్యాం. అయినా 2024లో రహీమీ కేసులో, గృహహింస కారణంగా కోర్టు నిషేధాజ్ఞ ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టాన్ని 8-1తో నిలబెట్టారు. (మన రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది "ఆయుధాలు లేకుండా" సమావేశమయ్యే హక్కు. రెండు దేశాల తేడా ఆ ఒక్క మాటలో ఉంది.)

అపోహ: తుపాకి హక్కు తెల్లవాళ్ల గోల, నల్లజాతి పేటలు కోరేది నిషేధమే.

వాస్తవం: షికాగో చేతి తుపాకుల నిషేధాన్ని 2010లో కూల్చిన కేసు ఓటిస్ మెక్‌డొనాల్డ్‌ది. లూసియానా కౌలు రైతుల బిడ్డ, నల్లజాతి పెద్దాయన. మోర్గాన్ పార్కు అనే పేటలో ఆయన ఇంట్లో పలుమార్లు దొంగలు పడ్డారు. వేట తుపాకులు ఉన్నాయి గానీ, చీకట్లో పొడుగు తుపాకి తిప్పడం కష్టం, పిస్తోలు కావాలన్నాడు. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు విముక్తులైన బానిసల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేసిన చరిత్రను ఆ తీర్పులో చదవవచ్చు. బ్రూయెన్ కేసులో న్యూయార్కు పేదల తరఫు డిఫెన్సు లాయర్లే, అక్కడి తుపాకి లైసెన్సు చట్టం కింద జైలుకెళ్లేది ఎక్కువగా నల్లవాళ్లు, లాటినోలేనని, దాన్ని కొట్టేయమని కోర్టుకు రాశారు. అలాగని పేటంతా ఆ పక్షమే అనుకోకండి. ఒకే ఇంట్లో తల్లి ఒకలా, కొడుకు ఒకలా వాదించుకోవడం నా ఆఫీసులోనే విన్నాను.

ఇంకో సంగతి. నా దగ్గరికి వచ్చే తుపాకి కేసుల్లో చాలావాటిలో తూటా పేలి ఉండదు. కారు ఆపారు, సీటు కింద పిస్తోలు దొరికింది. అప్పుడు నేను పట్టుకునేది రెండవ సవరణను కాదు, అక్రమ సోదాలను అడ్డుకునే నాలుగవ సవరణను. అసలు కారెందుకు ఆపారు? ఒక కేసులో ఇండికేటర్ వెలిగిందా లేదా అని పోలీసు వీడియోలో పది సెకన్ల ముక్కను నలభై సార్లు చూశాను.

అపోహ: షికాగోలో అన్ని చట్టాలున్నా హత్యలు ఆగలేదు, కనుక చట్టాలు దండగ.

వాస్తవం: నగరం తూర్పు కొసన ఒక వీధి దాటితే ఇండియానా రాష్ట్రం, అక్కడ షికాగో చట్టాలు చెల్లవు. నేరాల్లో పట్టుబడిన తుపాకుల్లో సగానికి పైగా బయటి రాష్ట్రాలవని, వాటిలో ఇండియానాది మొదటి స్థానమని నగరమే 2017లో లెక్క చెప్పింది. ఇక "ఆ పేటంతా అంతే" అనేవారికి: తూటా తగిలి బతికినవారిలో 70 శాతం మంది, నగర జనాభాలో 6 శాతం కూడా లేని, కలిసి అరెస్టయినవాళ్ల వలయాల్లోని వారేనని ఒక పరిశోధనలో తేలింది.

అపోహ: షూటింగ్ రేంజిలో సరదాగా పట్టుకుంటే ఏమవుతుంది?

వాస్తవం: విద్యార్థి వీసా మీద ఉన్నవారు తుపాకి కొనడమే కాదు, చేతిలో ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్‌కార్డుకు ఈ అడ్డు లేదు. ఒక ఆదివారం ఉదయం ఓ కుర్రవాడు ఫోటో పంపాడు: చెవులకు మఫ్‌లు, భుజాన రైఫిలు, చెవిదాకా నవ్వు. అప్పటికే ఎవరో భయపెట్టారట.

"తీసేయమంటారా అంకుల్?"

సాక్ష్యం చెరిపేయమని లాయరు చెప్పకూడదు. "ఎవరితోనూ దీని గురించి మాట్లాడకు, రేపు పొద్దున్నే ఆఫీసుకు రా" అన్నాను.