తడిసి మోపెడయ్యే పాత లారీ పని: అపోహలు, వాస్తవాలు

"ఇంజిన్ అందుకుంటోందండీ. కాస్త బ్రేకులు చూసి, రేకు పని చేసి, రంగు కొట్టేస్తే చాలు." పాత లారీని బాగుచేయించుకోవాలని షెడ్డుకు వచ్చేవాళ్ళ మొదటి మాట చాలావరకు ఇదే. తర్వాత కొన్నాళ్ళకు చూస్తే ఛాసిస్ దిమ్మెల మీద ఉంటుంది. గేర్‌బాక్సు ఒక మూల, క్యాబిన్ పక్క షెడ్డులో, నట్లూ బోల్టులూ నాలుగు పెయింటు డబ్బాల్లో కలిసిపోయి ఉంటాయి. ఓనరు ఫోన్ ఎత్తడం మానేస్తాడు. మోసమేమీ జరగలేదు. పని పెరిగింది, అంతే. ఎందుకు పెరిగిందో తెలియకపోవడం వల్లే నష్టం.

ఇక్కడ చెప్పేది 1954 నుంచి 1969 దాకా నక్షత్రం గుర్తుతో జంషెడ్‌పూర్‌లో తయారైన టాటా మెర్సిడెస్-బెంజ్ బండ్ల గురించి, వాటి తర్వాతి టాటా 1210ల గురించి. ఆ కాలపు కామెట్, ఫార్గో, బెడ్‌ఫోర్డ్ బండ్లకూ దాదాపు ఇవే మాటలు వర్తిస్తాయి.

అపోహ: "ఎలాగూ విప్పాం కదా, ఇదీ చేసేద్దాం"

వాస్తవం: జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఈ ఒక్క మాటే. పని రెండు రకాలుగా పెరుగుతుంది. ఒకటి బండి అడిగేది, రెండోది మనకు బుద్ధి పుట్టేది. ఈ రెండూ ఒకే జాబితాలో కలిసిపోయాయంటే ఆ లారీ ఇక రోడ్డెక్కదు.

బండి అడిగేది ఎలా ఉంటుందో చూడండి. వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది. వీల్ సిలిండర్‌కు (చక్రం దగ్గర బ్రేకు షూలను తోసేది) కిట్ వేస్తే సరిపోతుందనుకుని చక్రం విప్పుతారు. చాలా పాత లారీల్లో ఎడమ పక్క చక్రాల నట్లకు ఎడమ మర (మామూలుకు ఎదురు దిశలో తిప్పితే విడేది) ఉంటుంది. అది తెలియక పానాకు పైపు తగిలించి బలం పెడితే నట్టు విడిపోవడానికి బదులు ఇంకా బిగుసుకుని స్టడ్డు తెగుతుంది. చక్రం వచ్చాక డ్రమ్ము రాదు. లైనింగు అతికిన బ్రేకు షూ ఒరుసుకుని అరగదీసిన చోట డ్రమ్ము లోపల పల్లం పడి, అంచున గట్టు మిగిలిపోతుంది. అడ్జస్టర్ పూర్తిగా వదులు చేయకుండా సుత్తితో బాదితే షూ ఆ గట్టుకు తట్టుకుని లైనింగు పగులుతుంది.

డ్రమ్ము వచ్చింది. లోపలి మసిని గాలి గొట్టంతో ఊదకండి. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి. ఇప్పుడు సిలిండర్ చూడండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి నిలబడిపోయిన బండిలో ఆ తేమ సిలిండర్ అడుగు భాగాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. గోరుతో గీస్తే తగిలేంత గుంట ఉంటే, ఎమరీతో రుద్ది కొత్త కప్పులు వేసినా మళ్ళీ కారుతుంది. సిలిండరే మార్చాలి, లేదా లేత్ మీద స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించాలి.

పక్కనే లైనింగు నల్లగా, జిడ్డుగా ఉందా? హబ్ సీలు పోయి యాక్సిల్ హౌసింగ్‌లోని గేర్ ఆయిల్ బయటికి వచ్చిందన్నమాట. జిడ్డు పట్టిన లైనింగును పెట్రోలుతో కడిగి, మంట మీద కాల్చి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. లోపల ఇంకిన నూనె, బ్రేకు వేడెక్కినప్పుడల్లా పైకొస్తుంది. లైనింగు మార్చాల్సిందే, అదీ యాక్సిల్‌కు రెండు పక్కలా. డ్రమ్ము లేత్ పట్టిస్తే రెండో పక్క డ్రమ్మునూ అదే కొలతకు పట్టించాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది. డ్రమ్ము ఎంతవరకు కోయవచ్చో ఒక హద్దు ఉంటుంది. అది దాటితే కొత్త డ్రమ్మే.

అన్నీ బిగించి బ్రేకు పైపుల్లోని గాలి తీస్తారు. వారం తిరక్కుండానే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాల వైపు నెట్టేది) పోతుంది. "నిన్నటిదాకా బాగుంది, మీరు ముట్టుకున్నాకే పోయింది" అంటారు ఓనర్లు. ఒక విధంగా నిజమే. రోజూ నడిచేటప్పుడు పెడల్ సగం దూరమే వెళ్తుంది కాబట్టి ఆ సగంలోనే బోరు నున్నగా ఉంటుంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కుతాం. అప్పుడు రబ్బరు కప్పు తుప్పు పట్టిన భాగంలోకి వెళ్ళి చిరుగుతుంది. ఇక ఇనుప పైపులు క్లిప్పుల కింద తుప్పు పట్టి ఉంటాయి. నట్టు తిప్పగానే పైపూ దాంతోపాటే మెలిపడి తెగుతుంది.

ఇంతవరకూ పెరిగింది న్యాయమైన పనే. బ్రేకు అంటే పెడల్ నుంచి చివరి చక్రం దాకా ఒకటే పని. అందుకే మొదటిరోజే "ఎడమ వెనక సిలిండర్" అని కాకుండా "బ్రేకులు మొత్తం" అని రాసుకోండి. వీల్ సిలిండర్లన్నీ, మాస్టర్ సిలిండర్, రబ్బరు హోసులు (మామూలుగా ముందు రెండు, వెనక యాక్సిల్‌కు ఒకటి), ఇనుప పైపులు, లైనింగులు, హబ్ సీళ్ళు, రెండు డ్రమ్ముల లేత్ పని. ఈ మొత్తం వినగానే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ మొదటిరోజు వినే పెద్ద అంకెకన్నా, నెలకోసారి వినే చిన్న అంకెలే మనిషిని ఎక్కువగా ముంచుతాయి.

ఇక బుద్ధి పుట్టేది. "చక్రాలు తీశాం కదా, కమాను కట్టలు కూడా దించి పట్టీలకు రంగు వేద్దాం." కట్టలు దించితే యూ-బోల్టులు కొత్తవి వేయాలి. పాతవి ఒకసారి సాగాయంటే మళ్ళీ బిగింపు నిలవదు. కమాను కొసల్లోని షాకిల్ పిన్నులు, బుష్‌లు కూడా కొత్తవి కావాలి. అవి తీశాక ఛాసిస్ బోసిగా కనిపిస్తుంది. "బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి తుప్పు, పాత రంగు వదిలించడం) చేయిస్తే పోలా?" దానికోసం ఇంజిన్ దిగాలి, క్యాబిన్ లేవాలి, వైరింగ్ కోయాలి. బ్రేకు కారుతోందని వచ్చిన బండి మూడు వాక్యాల్లో అస్థిపంజరమైంది. వీటిలో ఒక్కటీ బండి అడగలేదు.

తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఇది చేయకుండా విప్పినదాన్ని సురక్షితంగా బిగించలేమా? బిగించాక దీనికోసమే మళ్ళీ ఇదంతా విప్పాల్సి వస్తుందా? మొదటిదానికి "బిగించగలం", రెండోదానికి "అక్కర్లేదు" అనే జవాబులు వస్తే ఆ పని వేరే జాబితాలోకి పోవాలి. క్లచ్ కోసం గేర్‌బాక్సు దించారనుకోండి. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, ఫ్లైవీల్ రింగు పళ్ళు: ఇవన్నీ అప్పుడే చేతికి అందుతాయి, చూడాల్సిందే. దిగిన గేర్‌బాక్సును విప్పి లోపల పళ్ళు చూడటం మాత్రం వేరే పని. శబ్దం లేదు, గేరు జారడం లేదు, ఆయిల్లో ఇనుప పొట్టు లేదు అంటే మూత తీయకండి.

ఇంకో మాట. తెరిచిన పనిని మూసేదాకా ఇంకోటి తెరవకండి. బ్రేకులు పూర్తయి, బండి తన చక్రాల మీద నిలబడ్డాకే స్టీరింగు. అది అయ్యాకే ఇంజిన్. రంగు అన్నిటికన్నా చివర. బ్రేక్ ఫ్లూయిడ్ చుక్క పడితే రంగు లేచిపోతుంది, వెల్డింగ్ నిప్పురవ్వలు పడితే మచ్చలు తేలతాయి. అయినా చాలామంది ముందు రంగే వేయిస్తారు. కళ్ళకు పని జరిగినట్టు కనబడేది అదొక్కటే మరి.

అపోహ: "మొత్తం విప్పితేగానీ అంచనా తేలదు"

వాస్తవం: ఒక రోజు కేటాయిస్తే, జాకీ, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తితో చాలావరకు తేలుతుంది. ముందు చక్రం లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. లూజు పోయిందా, అది హబ్ బేరింగుది. బిగిస్తే సరిపోవచ్చు. పోలేదా, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగేందుకు ఆధారమైన పిన్ను), బుష్‌ల పని ఉంది. ఛాసిస్‌ను సుత్తితో తడుతూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము దబ్బుమంటుంది. రెండు పలకలు అతికిన చోట మధ్యలో తుప్పు ఉబ్బి పలకలు విడిపోతుంటాయి. రివెట్ల చుట్టూ ఎర్రటి చార కారితే ఆ రివెటు కదులుతోందని అర్థం. క్యాబిన్ కర్ర ఫ్రేము అడుగున స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. అరంగుళం సులువుగా దిగితే ఆ కర్ర పోయినట్టే.

విప్పక తప్పనివాటిని విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీయండి. బోల్టులను డీజిల్‌లో కడిగి, వాటి రంధ్రాల్లోనే రెండు చుట్లు తిప్పి ఉంచండి. డబ్బాలో వేసిన బోల్టు పోయిన బోల్టే.

అపోహ: "ఇంజిన్ అందుకుంటే సగం పని అయిపోయినట్టే"

వాస్తవం: ఏళ్ళపాటు నిలబడ్డ డీజిల్ ఇంజిన్‌ను బ్యాటరీ తగిలించి తిప్పడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. ముందు నాజిళ్ళు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) తీయండి. ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో వాడే పల్చటి నూనె) చెరిసగం కలిపి 50 మి.లీ. పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. నాజిళ్ళు లేకుండానే రెండు పూర్తి చుట్లు తిరగాలి. పోసిన నూనె పిస్టన్ మీద మిగిలి ఉండగా నాజిళ్ళు బిగించి సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

అసలు ప్రమాదం డీజిల్ పంపులో ఉంది. నిలబడిన ఇన్‌లైన్ పంపులో ర్యాక్ (ఇంజిన్‌కు వెళ్ళే డీజిల్‌ను పెంచే, తగ్గించే కడ్డీ) ఎక్కువ డీజిల్ వైపు పట్టేసి ఉండొచ్చు. ఇంజిన్ అందుకున్న మరుక్షణం దాని వేగం అదుపు లేకుండా పెరిగిపోతుంది. స్టాప్ లీవరు లాగినా ఆగదు, ఎందుకంటే అది లాగేది కూడా ఆ ర్యాకునే. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పంపు పక్క మూత తీసి ర్యాకు చేత్తో అటూ ఇటూ కదులుతోందో లేదో చూడండి. అప్పుడు కూడా ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పి, దాని నోటికి సరిపోయే చెక్క పలకతో ఒక మనిషిని పక్కన నిలబెట్టండి. గాలి ఆపితే ఇంజిన్ ఆగుతుంది. అరచెయ్యి అడ్డం పెట్టకండి.

సామాను కొనేటప్పుడు "టాటా పాతది" అంటే కుదరదు. 692 ఇంజిన్ అంటే ఆరు సిలిండర్లు, 92 మి.మీ. బోరు. 697 అంటే 97 మి.మీ. స్ట్రోకులు కూడా వేరు: 120, 128. ఇన్నేళ్ళలో ఒకదాని స్థానంలో ఇంకోటి ఎక్కిన బండ్లూ ఉంటాయి. బ్లాకు మీది నంబరు చూసి, బోరు కొలిచి, అప్పుడు కొట్టుకెళ్ళండి.

అపోహ: "ఒరిజినల్ క్యాబిన్ పాడుచేస్తున్నామేమో"

వాస్తవం: ఈ బెంగతో నిద్ర పట్టని ఓనర్లు చాలామంది ఉన్నారు. ఊరట కలిగించే మాట ఏమిటంటే, ఆ రోజుల్లో మన దగ్గర లారీలు ఎక్కువగా కౌల్ (బానెట్ వెనక, డ్యాష్‌బోర్డు ఉండే ముందు భాగం) వరకే కంపెనీ నుంచి వచ్చేవి. మూతి, బానెట్, డ్యాష్‌బోర్డు కంపెనీవి. వెనక క్యాబిన్, తొట్టి మాత్రం బాడీ మేస్త్రీలు కర్ర ఫ్రేము కట్టి, రేకు కొట్టి తయారుచేసేవారు. విజయవాడ ఆటోనగర్ షెడ్లకు బాడీ పనిలో పేరుంది. కాబట్టి కౌల్‌ను కాపాడుకోండి, అది దొరకదు. కర్ర కుళ్ళితే నిర్భయంగా మార్చండి, పాత ముక్కనే అచ్చుగా పెట్టి. కర్రకూ రేకుకూ మధ్య తేమ నిలుస్తుంది కాబట్టి, రెండు వైపులా ప్రైమర్ వేశాకే రేకు కొట్టించండి.

మిగతావి గబగబా. శాండ్ బ్లాస్టింగ్ ఛాసిస్‌కు మంచిదే, పల్చటి రేకు తలుపులకు కాదు. అవి ఇసుక దెబ్బలకు అప్పడంలా వంకర్లు తిరుగుతాయి. బ్లాస్టింగ్ అయ్యాక కోస్తా గాలిలో ఒక్క రాత్రి వదిలేసినా మళ్ళీ తుప్పు పూస్తుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. ఒక్క రెడ్ ఆక్సైడ్ కొట్టి వానాకాలం దాటిద్దామనుకోకండి, తేమ దాని గుండా లోపలికి పోతుంది.

లాక్ రింగు చక్రాలకు (టైరును విడి ఇనుప రింగు పట్టి ఉంచేవి) గాలి పట్టేటప్పుడు టైరును ఇనుప బోనులో పెట్టాలి. బోను లేకపోతే గాలి పట్టించకండి. తుప్పు తిన్న రింగు ఎగిరితే మనిషి పోతాడు.

"పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కే" అనేది వాట్సాప్ మాట. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినవి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషన్ ఆగిపోయేది ప్రభుత్వ వాహనాలకు. మిగతా బండ్ల సంగతి ఫిట్‌నెస్ తేలుస్తుంది, దాని రుసుములు మాత్రం 2022 నుంచి బాగా పెరిగాయి. "యాభై ఏళ్ళు దాటింది కదా, వింటేజ్ నంబరు తెచ్చుకుందాం" అనేవాళ్ళూ ఒకటి గమనించాలి. 2021 నాటి ఆ నియమాలు సొంతానికి వాడుకునే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాల కోసం రాసినవి. కిరాయికి తిప్పడం కుదరదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారిన బండ్లకు అవి వర్తించవు. సరుకు లారీ అయితే ఒక్క బోల్టు విప్పకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

అడిగొచ్చాక ఛాసిస్ మీద కొట్టిన నంబరు వెతకండి. ఆర్‌సీతో పోల్చి ఫొటో తీసి, పెన్సిల్ అచ్చు తీసుకుని, ఆ జానెడు చోట గ్రీజు పూసి టేపు చుట్టండి. బ్లాస్టింగ్ వాడికి, గ్రైండర్ కుర్రాడికి అది చూపించి చెప్పండి.