సాల్మన్ వేటకు ఆఖరి రోజు ఎలా ఖరారైంది

స్కాట్లాండ్‌లోని స్పే నదిలో సాల్మన్ వేట సెప్టెంబరు 30తో ముగుస్తుంది. టే నదిలో అది అక్టోబరు 15 వరకు, ట్వీడ్ నదిలో నవంబరు 30 వరకు సాగుతుంది. ఒకే జాతి చేపకు రెండు నెలల తేడాతో ఇన్ని ఆఖరి రోజులు ఎందుకున్నాయో తెలియాలంటే చేప జీవితాన్నే కాక, వలల యజమానులకూ గాలం వేసేవారికీ మధ్య శతాబ్దాలుగా నడిచిన బేరసారాలను కూడా చూడాలి.

మన గోదావరి పులస లాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. నదిలోకి వచ్చాక అది మేత ముట్టదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెలల తరబడి గడిపి, ఎక్కువగా నవంబరు, డిసెంబరు నెలల్లో గులకరాళ్ల అడుగున గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. అందుకే సీజన్ చివరి వారాల్లో గాలానికి చిక్కే చేపల్లో చాలావాటికి వసంతంలో కనిపించే వెండి మెరుపు ఉండదు. వాటి ఒళ్లు రాగి రంగుకు తిరిగి ఉంటుంది. మగచేప కింది దవడ కొక్కెంలా వంగుతుంది, ఆడచేప కడుపు నిండా గుడ్లతో బరువెక్కి ఉంటుంది. ఆ దశలో ఒక ఆడచేపను చంపితే వేల గుడ్లు దానితోనే పోతాయి.

ఈ సంగతి మధ్యయుగాల పాలకులకూ తెలుసు. ఇంగ్లాండ్‌లో 1285 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం హంబర్, ఊజ్, ట్రెంట్ వంటి నదుల్లో సెప్టెంబరు 8 నుంచి నవంబరు 11 వరకు సాల్మన్ పట్టడాన్ని నిషేధించింది. నిషేధాన్ని మొదటిసారి మీరితే వలలు తగలబెట్టేవారు, రెండోసారి మీరితే మూడు నెలలు, మూడోసారి మీరితే ఏడాది చెర విధించేవారు. సముద్రానికి దిగే పిల్లచేపల కోసం ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 వరకు మరో నిషేధాన్ని కూడా అదే శాసనం చేర్చింది. ఏడు వందల ఏళ్ల కిందట రాసిన ఆ నిబంధనల్లో చేప రాకపోకల పట్ల కనిపించే ఎరుక ఇప్పటికీ గౌరవించదగినది. లోపమల్లా అమలులోనే ఉండేది.

పారిశ్రామిక విప్లవం వచ్చాక ఒక్క నిషేధ కాలంతో చేపను కాపాడటం సాధ్యం కాలేదు. మిల్లుల కోసం కట్టిన అడ్డుకట్టలు దారి మూసేశాయి, పట్టణాల మురుగు నీటిని విషం చేసింది. థేమ్స్‌లో 1833 ప్రాంతంలో కనుమరుగైన సాల్మన్ మళ్లీ అక్కడ దొరికింది 1974లోనే. ఇంగ్లాండ్, వేల్స్‌లకు 1861లో, స్కాట్లాండ్‌కు 1862లో కొత్త చట్టాలు వచ్చాయి. ఏటా కనీసం 168 రోజులు వలలు ఆగాలని స్కాట్లాండ్ చట్టం నిర్దేశించి, గాలపు వేటకు మాత్రం ఆ గడువులోనే కొన్ని వారాల సడలింపు ఇచ్చింది. టే నదిలో ఆగస్టులో వలలు ఆగిపోయాక కూడా అక్టోబరు మధ్య దాకా గాలం వేయగలగడం ఈ సడలింపు ఫలితమే. అంటే నేటి ఆఖరి తేదీలకు మూలం గుడ్లు పెట్టే కాలం ఒక్కటే కాదు. వలలు తీసేశాక నదిలో మిగిలే చేపలో తమకూ వాటా కావాలన్న గాలపు వేటగాళ్ల కోరిక కూడా వాటి వెనుక ఉంది.

ఆ వాటా ఎంత విలువైనదో 1922 అక్టోబరు 7న తెలిసింది. టే నదిలో సీజన్ ముగియడానికి ఎనిమిది రోజుల ముందు, జార్జినా బాలంటైన్ అనే యువతి 64 పౌండ్ల, అంటే సుమారు 29 కిలోల సాల్మన్‌ను పట్టారు. బ్రిటన్‌లో గాలానికి పడిన సాల్మన్లలో ఆ బరువును మించినది నూరేళ్లు దాటినా రాలేదు.

ట్వీడ్ కథ వేరు. ఆ నది ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌ల సరిహద్దు వెంట పారుతుంది కాబట్టి 1857, 1859 సంవత్సరాల్లో దానికి ప్రత్యేక చట్టాలు చేశారు. శరదృతువులో కూడా సముద్రం నుంచి కొత్త చేప వచ్చే నదిగా దానికి పేరుండటంతో నవంబరు నెల మొత్తం వేటకు తెరిచి ఉంచడం అక్కడివారికి సహజంగానే తోచింది. కానీ చేప వచ్చే కాలం స్థిరంగా ఉండదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అక్కడ వసంతపు రాక బలంగా ఉండేది, 1960ల తర్వాత శరదృతువు రాక పైచేయి సాధించింది, గత పదేళ్లలో అదీ బాగా తగ్గింది. చేపల రాక తరానికో తీరుగా మారుతుంటే తేదీలు మాత్రం పందొమ్మిదో శతాబ్దపు చట్టాల నీడలోనే నిలిచి ఉండటం, సీజన్‌ను ముందే ముగించాలా అన్న వివాదంలో అసలు చిక్కు.

ఈలోగా ప్రమాదం సముద్రానికీ పాకింది. 1960లలో గ్రీన్‌లాండ్ తీరంలో సాల్మన్ మేత మేసే చోట్లు బయటపడ్డాక అక్కడ భారీ వేట మొదలైంది. దాన్ని కట్టడి చేయడానికి 1984లో ఉత్తర అట్లాంటిక్ సాల్మన్ పరిరక్షణ సంస్థ ఎడిన్‌బరో కేంద్రంగా ఏర్పడింది. వలలు క్రమంగా తగ్గినా, సముద్రంలోకి వెళ్లిన చేపల్లో తిరిగి వచ్చేవి తగ్గుతూనే ఉన్నాయి. స్కాట్లాండ్‌లో 2010లో లక్షకు పైగా సాల్మన్ గాలానికి పడగా, 2023లో ఆ సంఖ్య సుమారు 32,500కు పడిపోయింది. 1952లో లెక్కలు మొదలైనప్పటి నుంచి అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. అదే ఏడాది బ్రిటన్ సాల్మన్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ముప్పున్న జీవుల జాబితాకు మార్చింది. 2016 నుంచి స్కాట్లాండ్ తీరంలో వలలు నిషిద్ధం; నదులకు ఏటా శ్రేణులు ఇచ్చి, బలహీనమైన వాటిలో పట్టిన ప్రతి సాల్మన్‌నూ తిరిగి వదలాలన్న నిబంధన పెట్టారు. ఇప్పుడు గాలానికి చిక్కిన సాల్మన్లలో 95 శాతానికి పైగా బతికుండగానే నీటిలోకి వెళ్తున్నాయి.

అందరూ వదిలేస్తున్నప్పుడు ఆఖరి తేదీ గురించి పట్టింపు ఎందుకని గాలపు వేటగాళ్లు అడుగుతారు. వారి వాదనలో బలం ఉంది. చల్లటి నీటిలో, గాలికి చూపకుండా జాగ్రత్తగా వదిలిన సాల్మన్లలో అత్యధికం బతుకుతాయని పరిశోధనలు చూపాయి. పైగా నదులను కాపలా కాసే మత్స్య బోర్డులు నడిచేది వేట హక్కుల యజమానులు చెల్లించే సుంకంతోనే కాబట్టి, శరదృతువు ఆదాయం పోతే కాపలా కూడా పలచబడుతుంది.

అయితే ఈ చర్చలో సీ ట్రౌట్‌ను ఎవరూ సరిగా పట్టించుకోవడం లేదు. సముద్రానికి వెళ్లి వచ్చే ఈ ట్రౌట్ స్కాట్లాండ్ చట్టంలో సాల్మన్ కిందికే వస్తుంది, తేదీలూ ఉమ్మడివే. కానీ అది ప్రధానంగా వేసవిలోనే నదిలోకి వచ్చి, అక్టోబరు నుంచే గుడ్లు పెడుతుంది. వాటిలో ఆడవే ఎక్కువ, పైగా ఒక్కో చేప చాలాసార్లు తిరిగి వచ్చి గుడ్లు పెట్టగలదు. లోక్ మారీ వంటి ప్రసిద్ధ సరస్సుల్లో 1980ల చివర సీ ట్రౌట్ కుప్పకూలినప్పుడు చర్చంతా తీరంలోని సాల్మన్ పెంపకం కేంద్రాలపై, అక్కడి నుంచి వ్యాపించే సముద్రపు పేను అనే పరాన్నజీవిపై నడిచింది. ఆ చర్చ అవసరమైనదే. అయినా గుడ్లు పెడుతున్న సీ ట్రౌట్ ఉన్న నీటిలో నవంబరు ఆఖరి దాకా గాలం వేయనివ్వడం నాకు సమర్థించదగినదిగా తోచదు. వేట నిషేధ కాలాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో మార్చే వీలు చట్టంలో ఇప్పటికే ఉంది కాబట్టి, ట్వీడ్‌కు రెండు చేపలకూ వేర్వేరు తేదీలు పెట్టి, సీ ట్రౌట్ గుడ్లు పెట్టే ఎగువ ఉపనదులను అక్టోబరులోనే మూసి, సముద్రం నుంచి సాల్మన్ ఇంకా వస్తుండే దిగువ భాగాన్ని మరికొన్ని వారాలు తెరిచి ఉంచవచ్చు.