నెట్‌వర్క్ పనితీరు: కొన్ని అపోహలు – వాస్తవాలు

నెట్‌వర్క్‌ల పనితీరును కొలవడం, సరిదిద్దడం నా వృత్తి. నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది దానికి మందు కూడా ముందే నిర్ణయించుకుని వస్తారు: ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోవాలి అని. ఆ నిర్ణయానికి దారితీసే అపోహల్లో నాకు తరచుగా ఎదురయ్యేవాటిని ఇక్కడ వివరిస్తాను.

అపోహ: ఎంబీపీఎస్ పెరిగిన కొద్దీ నెట్ చురుకుగా పనిచేస్తుంది.

వాస్తవం: సెకనులో ఎంత సమాచారం పడుతుందో ఎంబీపీఎస్ చెబుతుంది, పంపిన ప్యాకెట్‌కు (సమాచారాన్ని విడగొట్టి పంపే చిన్న ముక్కకు) జవాబు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చెప్పదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారిన కొలిచినా 13 వేల కిలోమీటర్లు దాటుతుంది కనుక, రానుపోను 130 మిల్లీసెకన్లకు తక్కువ పట్టే అవకాశమే లేదు. కేబుళ్లు చుట్టుతిరిగి వెళ్తాయి కాబట్టి ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య వచ్చే చిన్న విరామంలో ఈ భాగం ఏ ప్లాన్ కొన్నా తగ్గదు. పైగా ఈ ఆలస్యం వేగాన్ని కూడా తినేస్తుంది. అందినట్టు కబురు రాకముందు 64 కిలోబైట్లకు మించి పంపకూడదన్న పాత టీసీపీ (నెట్‌లో సమాచారం తప్పక చేరేలా చూసే నియమావళి) పరిమితిలో, రానుపోను 200 మిల్లీసెకన్లు పట్టే దారిలో, లైను 100 ఎంబీపీఎస్‌దైనా 1000దైనా ఒక కనెక్షన్‌కు దక్కేది సుమారు 2.6 ఎంబీపీఎస్ మాత్రమే. ఆ పరిమితిని సడలించే పద్ధతి 1992లోనే వచ్చింది కానీ, దాన్ని పాడుచేసే పాత పరికరాలు ఇప్పటికీ అక్కడక్కడా తగులుతుంటాయి.

అపోహ: ప్యాకెట్ పోవడం ఎప్పుడూ లోపమే, అందుకే రూటర్‌లో బఫర్ (ప్యాకెట్లు వంతు కోసం ఆగే తాత్కాలిక నిల్వ) ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: మా రంగంలోని వారిని కూడా ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించిన అపోహ ఇది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, అక్కడికి 400 గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దారి కిక్కిరిసి జవాబులు ఆలస్యమైతే, పంపే కంప్యూటర్లు ప్యాకెట్లు పోయాయనుకుని మళ్లీ మళ్లీ పంపుతూ రద్దీని ఇంకా పెంచాయి. పరిశోధకులు వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ 1988లో ప్రచురించిన పరిష్కారంలో, ప్యాకెట్ పోవడాన్ని రద్దీకి సూచనగా తీసుకుని పంపేవారు తమంతట తామే వేగం తగ్గించుకుంటారు. అంటే సమయానికి ఒక ప్యాకెట్‌ను వదిలేయడం రూటర్ చేయగలిగిన మేలు.

తర్వాతి కాలంలో మెమొరీ చౌకై, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న సదుద్దేశంతో తయారీదారులు బఫర్లను పెంచుకుంటూ పోయారు. 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైను ముందు 256 కిలోబైట్ల బఫర్ నిండితే, దాని చివర చేరిన ప్యాకెట్ బయటపడటానికి 2 సెకన్లు పడుతుంది. ఏదీ పోవడం లేదు కనుక పంపేవారికి హెచ్చరికా అందదు. 2010లో ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ తన ఇంట్లోనే ఈ జబ్బును గమనించి దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, జేకబ్సన్ ప్రతిపాదించిన కోడెల్ పద్ధతి బఫర్ ఎంత నిండిందో చూడదు. ప్యాకెట్ అందులో ఎంతసేపు ఆగిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్లకు దిగకపోతే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెడుతుంది.

ఒక కార్యాలయంలో రోజూ మధ్యాహ్నం కాల్స్ తెగిపోతున్నాయని పిలిచారు. అప్పటికే లైను రెట్టింపు చేయించుకున్నారు, ఫలితం లేదు. ఆ సమయానికి మొదలయ్యే బ్యాకప్ రూటర్ బఫర్‌ను నింపేస్తోంది. అప్‌లోడ్‌కు లైను సామర్థ్యం కంటే కాస్త తక్కువ హద్దు పెట్టి, కోడెల్ ఉన్న రూటర్‌ను అమర్చితే సరిపోయింది. మీ ఇంట్లో పరీక్షించుకోవాలంటే, పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్‌కు పెట్టి పింగ్ (జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) చూడండి. 20 మిల్లీసెకన్లు ఉన్నది 500 దాటితే లోపం ప్లాన్‌ది కాదు.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో పూర్తి వేగం వస్తే అంతా బాగున్నట్టే.

వాస్తవం: 100 మీటర్ల సమయం చూసి మారథాన్‌కు ఎంపిక చేసినట్టుంటుంది ఇది. ఆ పరీక్ష సాధారణంగా దగ్గరి సర్వర్‌తో, అనేక కనెక్షన్లను ఒకేసారి తెరిచి, కొద్ది సెకన్లే నడుస్తుంది. ఎవరూ లేనప్పుడు వచ్చిన అంకె సాయంత్రపు రద్దీ గురించి ఏమీ చెప్పదు.

అపోహ: డబ్బు పెట్టి కొన్న లింకును 95 శాతం వాడుకుంటేనే గిట్టుబాటు.

వాస్తవం: కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ ఇంజనీరు ఎర్లాంగ్ 1909లో పునాది వేసిన క్యూ సిద్ధాంతం (వరుసలో నిరీక్షణను లెక్కగట్టే గణితం) దీనికి ఒప్పుకోదు. ఒక వేళాపాళా లేకుండా ప్యాకెట్లు వచ్చే సాధారణ నమూనాలో, లింకు సగం నిండినప్పుడు పట్టే సమయం ఖాళీగా ఉన్నప్పటికి 2 రెట్లు, 80 శాతం వద్ద 5 రెట్లు, 95 శాతం వద్ద 20 రెట్లు. ఖర్చు లెక్కలు చూసేవారికి ఇది ఒప్పించడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

అపోహ: సిగ్నల్ సరిగా అందని పరికరం వల్ల దాన్ని వాడేవారికే ఇబ్బంది.

వాస్తవం: వైఫైలో గాలి అందరికీ ఉమ్మడి ఆస్తి. 11 ఎంబీపీఎస్ పరికరాల మధ్య 1 ఎంబీపీఎస్ పరికరం ఒకటి చేరితే అందరి వేగమూ దాని స్థాయికి దిగజారుతుందని ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో చూపించారు. వంతులు సమానంగా పంచడమే ఇందుకు కారణం, ఎందుకంటే నెమ్మది పరికరం తన వంతులో చాలాసేపు గాలిని పట్టుకుని ఉంటుంది. వంతులకు బదులు సమయాన్ని సమానంగా పంచే రూటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయితే కొత్తది కొనేముందు, ఉన్నదాన్ని ఇనప బీరువా వెనుక నుంచి తీసి ఇంటి మధ్యకు మార్చి చూడండి.