మధ్యలో వెళ్లిపోయినవాళ్లని ఏ లెక్కలో వేయాలి?

చిరంజీవులైన పిల్లలకు,

క్యాన్సర్ పరిశోధన అనగానే మీకు మైక్రోస్కోపు, తెల్లకోటు గుర్తుకొస్తాయి. అదే ఆసుపత్రిలో ఓ మూల గదిలో కూర్చుని డాక్టర్లని ప్రశ్నలతో విసిగించే మనిషి ఒకరుంటారు. బయోస్టాటిస్టీషియన్, అంటే వైద్య పరిశోధనల లెక్కలు చూసే మనిషి. నేను చేసింది ఆ ఉద్యోగమే. "లెక్కలేగా తాతయ్యా, కంప్యూటర్ చేసేస్తుందిగా" అంటారు మీరు. గుణకారాలు అదే చేస్తుంది. ఎవరిని ఏ లెక్కలో వేయాలన్నదే చిక్కు.

ఒక మందు పదిమందికి ఇచ్చారనుకోండి. మొదటి ఏడాదిలో ఇద్దరు చనిపోయారు. ఏడాది తిరగ్గానే ముగ్గురు ఆసుపత్రికి రావడం మానేశారు. ఊరు మారారో, ఫోన్ నంబరు మారిందో. మిగిలిన ఐదుగురిలో ఒకరు రెండో ఏడాదిలో పోయారు. ఇప్పుడు చెప్పండి, రెండేళ్లు బతికే అవకాశం ఎంత?

ఆ ముగ్గురినీ కొట్టేస్తే ఏడుగురిలో నలుగురు, అంటే 57 శాతం. కానీ వాళ్లు ఏడాదిపాటు బతికున్నారని మనకు తెలుసుగా, దాన్ని పారేస్తే ఎలా? పోనీ ఇంకా బతికే ఉన్నారనుకుంటే 70 శాతం. మందు అమ్మేవాళ్లకి ఇదే నచ్చుతుంది! రెండూ తప్పే. ఏ ఏడాదికా ఏడాది చూడాలి. మొదటి ఏడాది పదిమందిలో ఎనిమిదిమంది దాటారు, 80 శాతం. రెండో ఏడాది ఐదుగురిలో నలుగురు దాటారు, అదీ 80 శాతమే. రెండూ గుణిస్తే 64. కనిపించినన్నాళ్లు ఆ ముగ్గురూ లెక్కలో ఉన్నారు, తర్వాత లేరు. ఒకవేళ జబ్బు ముదిరి రాలేకపోయి ఉంటే మాత్రం ఈ లెక్కా దారి తప్పుతుంది. అందుకే ఎందుకు మానేశారో కనుక్కోమని అందరి వెంటా పడతాం. మమ్మల్ని చూస్తే విసుక్కునేది అందుకే.

దీన్ని కాప్లాన్-మయర్ పద్ధతి అంటారు. అమెరికాలో పాల్ మయర్ క్యాన్సర్ రోగుల లెక్కలతో కుస్తీ పడుతుంటే, ఎడ్వర్డ్ కాప్లాన్ బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలలో టెలిఫోన్ కేబుళ్లకు వాడే వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్లు మన్నుతాయో చూస్తున్నాడు. ఇద్దరూ విడివిడిగా ఒకే పత్రికకి వ్యాసాలు పంపారు. కలిపి రాయమన్నాడు ఎడిటర్. ఉత్తరాలు నడిచి నడిచి చివరికి 1958లో అచ్చయింది. ఇప్పుడు ఏ క్యాన్సర్ ట్రయల్ (చికిత్సను రోగుల మీద పరీక్షించి చూడటం) రిపోర్టు తీసినా, ఎంత శాతం మంది బతికున్నారో చూపిస్తూ మెట్లు దిగుతున్నట్టుండే గీత కనిపిస్తుంది. మెట్టు దిగిన చోటల్లా మరణం. మధ్యలో కనిపించే చిన్న నిలువు గీతలు, ఆ తర్వాత ఏమయ్యారో తెలియనివాళ్లు.

కొత్త చికిత్స గీత పైన ఉంటేనే మంచి వార్త అనుకోకండి. రొమ్ము క్యాన్సర్‌కి రొమ్మంతా తీసేయాలా, గడ్డ వరకు తీస్తే చాలా అని అమెరికాలో 1976లో మొదలైన ట్రయల్‌లో 1,800 మందికి పైగా ఆడవాళ్లు చేరారు. 2002లో, 20 ఏళ్ల ఫలితాలు వచ్చేసరికి, బతకడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గీతలు దాదాపు ఒకదాని పక్కన ఒకటి. రొమ్మంతా పోగొట్టుకోనక్కర్లేదని డాక్టర్లు ధైర్యంగా చెప్పగలిగింది ఆ "తేడా లేదు" వల్లనే.

మీకో లెక్క. పైన ఆ ముగ్గురూ ఏడాది చివర్లో కాకుండా, మొదటి మరణానికి ముందే మానేసి ఉంటే ఎంత శాతం వస్తుంది? కట్టి నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య