నిజం తేలింది, ఊరికి చేరలేదు: ఫ్యాక్ట్‌చెక్ వివాదం వెనుక 2018

అమెరికాలో, ప్రచారంలో ఉన్న సమాచారం నిజమో కాదో తేల్చే స్వతంత్ర ఫ్యాక్ట్‌చెక్ సంస్థల సేవలకు స్వస్తి చెబుతున్నట్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2025 జనవరి 7న ప్రకటించింది. ఈ సంస్థల వల్ల అసలు ఉపయోగం ఉందా అన్న పాత ప్రశ్న దాంతో మళ్లీ రాజుకుంది. జవాబు కోసం మెటా కొలువున్న కాలిఫోర్నియా దాకా వెళ్లనక్కర్లేదు. కర్ణాటకలో బీదర్ జిల్లాలోని ముర్కి గ్రామం చాలు.

2018 వేసవిలో దేశమంతా తిరిగిన వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. బైకు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. అసలు చిత్రంలో ఆ బైకు తిరిగొస్తుంది, పిల్లవాడిని దించేస్తుంది. చూసేవారిని హెచ్చరించే రాత కూడా కనిపిస్తుంది. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించి, పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ ప్రచారంలో పెట్టారు. ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు మూల వీడియోను వెతికి పట్టుకుని జూన్ నాటికే గుట్టు విప్పాయి. పుకారు మాత్రం ఆగలేదు. జూలై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడాలో ఐదుగురిని జనం కొట్టి చంపారు. జూలై 13న హైదరాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్లిన యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లలను ఎత్తుకెళ్లేవాళ్లన్న సందేశం వాట్సాప్‌లో వాళ్ల కారు కంటే ముందే ముర్కి చేరింది. అక్కడ దారి కాచిన గుంపు చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయాడు.

తేలిన నిజం వెబ్‌సైట్లలో ఉంది. పుకారు ఊరి గ్రూపుల్లో ఉంది. ఆ రెంటికీ మధ్య దారి లేదు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

అదే ఏడాది పార్థీ దొంగల ముఠా తిరుగుతోందన్న వదంతులు గద్వాల, వనపర్తి పల్లెలనూ కుదిపేశాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు. వాళ్లు జానపద పాటలతో, డప్పులతో జనాన్ని పోగుచేసి, ఫోన్లలో తిరుగుతున్నది అబద్ధమని ముఖాముఖి చెప్పారు. అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ జూలైలోనే వాట్సాప్ భారత్‌లో ఫార్వర్డ్‌లను ఐదు చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా కట్టడి చేశాక, అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పింది.

కేంద్రం ఎంచుకున్న దారి వేరు. తన వ్యవహారాలపై వచ్చే సమాచారంలో ఏది అబద్ధమో తన విభాగమే తేల్చేలా 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలను సవరించింది. తప్పుడు సమాచారాన్ని అరికట్టడానికేనని వాదించింది. ఆరోపణ ఎదుర్కొంటున్నవారే తీర్పరి కావడం ఏమిటని పాత్రికేయులు, హాస్య కళాకారుడు కునాల్ కామ్రా కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో ఆ నిబంధనను కొట్టేసింది.

దిద్దుబాటు కళ్లబడితే జనం నమ్మకం మారదని అనలేం. అర్జెంటీనా, నైజీరియా, దక్షిణాఫ్రికా, బ్రిటన్‌లలో జరిపిన, 2021లో వెలువడిన అధ్యయనంలో ఫ్యాక్ట్‌చెక్ చదివినవారిలో తప్పుడు నమ్మకాలు తగ్గాయి. ఆ ప్రభావం చాలావరకు రెండు వారాలు దాటినా నిలిచింది. మెటా వదులుకున్నది ఆ దిద్దుబాటును పోస్టు పక్కనే కళ్లబడేలా చేసే ఏర్పాటును. వాట్సాప్ గ్రూపుల్లో అలాంటి ఏర్పాటు మొదటి నుంచీ లేదు. ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు వాట్సాప్ నంబర్లు ఇచ్చి, అనుమానం ఉన్న వీడియోలను పంపమంటున్నాయి. పంపాలంటే ముందు అనుమానం రావాలి.